మీ ‘మనం’లో ఎవరెవరున్నారు?

ఈసారి ఉత్తరం ఒక పాస్టర్ గారి నుంచి వచ్చింది. పేరూ ఊరూ బయట పెట్టొద్దని కోరారు. ఉత్తరం పెద్దది, మధ్యమధ్యలో కొట్టివేతలు కూడా ఉన్నాయి. క్లుప్తంగా విషయం ఇది.

ఆయన 13 ఏళ్లుగా వాక్యం చెబుతున్నారు. రెండేళ్ల కిందట ఇప్పుడున్న సంఘానికి కాపరిగా వచ్చారు. అది మొదట్లో పూర్తిగా తెలుగు సంఘం. ఒకరి ఇంట్లో ప్రార్థన కూడికగా మొదలై, కొద్దిమంది కుటుంబాలు చందాలు వేసుకుని నిలబెట్టుకున్నది. చదువులకీ ఉద్యోగాలకీ రకరకాల దేశాలవాళ్లు వచ్చి చేరడంతో సంఘం మారిపోయింది. ఇప్పుడు ఆదివారం 120 మంది వస్తే అందులో తెలుగువాళ్లు సగమే. మిగతా సగంలో ఆఫ్రికా దేశాల విద్యార్థులున్నారు, వేరే వేరే భాషల ఉద్యోగస్తులున్నారు, సొంత దేశంలో యుద్ధం వల్ల అన్నీ వదులుకుని వచ్చిన రెండు కుటుంబాలున్నాయి. పాస్టర్ గారు తెలుగులో చెబుతారు. పక్కన ఒక చెల్లెలు నిలబడి ఇంగ్లీషులోకి తర్జుమా చేస్తుంది.

మూడు నెలల కిందట పాప క్షమాపణ గురించి చెబుతూ ఆయన, ‘మన హృదయాలు బొగ్గులా నల్లగా ఉండేవి, ప్రభువు వాటిని తెల్లగా కడిగాడు’ అన్నారట. చిన్నప్పటి నుంచి విన్న మాట, తాను ఎన్నోసార్లు చెప్పిన మాట. ‘తర్జుమా చేసే చెల్లెలు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. నేను గమనించాను, అయినా ముందుకు పోయాను’ అని రాశారు. మూడో వరసలో కూర్చునే ఒక ఆఫ్రికన్ విద్యార్థి ఆ తర్వాతి ఆదివారం నుంచి రావడం లేదు. ఎందుకో అతని స్నేహితుడు చెబితేగానీ తెలియలేదు.

ఇంకో ఆదివారం, యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ చెప్పారు. తండ్రి దగ్గర వాటా తీసుకుని దూరదేశం వెళ్లిన చిన్నకొడుకు ఆ ఆస్తి ఎలా పాడుచేశాడో చాలాసేపు వివరించారు. ఆరాధన అయ్యాక, యుద్ధం వల్ల వచ్చిన కుటుంబంలోని పెద్దావిడ దగ్గరికొచ్చి అడిగింది: ‘ఆ దేశంలో కరువు వచ్చింది కదా, ఆ సంగతి చెప్పలేదేం?’ ఆయన దగ్గర జవాబు లేదు.

ఇక సంఘ పెద్దల గొడవ వేరు. తర్జుమాతో 40 నిమిషాల ప్రసంగం 80 నిమిషాలవుతోంది. తగ్గిస్తే ‘అయ్యగారు వాక్యం పలుచన చేస్తున్నారు’ అంటున్నారు. నెలాఖరున పెద్దల మీటింగ్ ఉంది. తెలుగుకో ఆరాధన, మిగతావాళ్లకో ఆరాధన పెట్టేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఈలోగా ఆయనకి ప్రతి ఉదాహరణ మీదా అనుమానమే. శనివారం రాత్రి రాసింది రాసినట్టు కొట్టేస్తూ కూర్చుంటున్నారట. పోయిన వారం ఇంటికొచ్చాక భార్య, ‘ఇవాళ మీరు చెప్పినట్టు లేదు, చదివినట్టు ఉంది’ అందట. చివర్లో ఇలా అడిగారు: ‘విడదీయడమా, అందరికీ ఇంగ్లీషులో చెప్పడమా, ఇలాగే లాక్కురావడమా? అసలు ఇన్ని రకాల మనుషులకి ఒకే ప్రసంగం చెప్పడం సాధ్యమేనా, సిస్టర్?’

పాస్టర్ గారూ, వందనాలు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పుల్‌పిట్ మీద, అంటే ప్రసంగ వేదిక మీద, ప్రసంగించినదాన్ని కాదు. చాలా ఏళ్లు పుల్‌పిట్ పక్కన నిలబడి తర్జుమా చేసినదాన్ని. అందుకే మీ ఉత్తరం చదువుతూ ఆ చెల్లెలు ఆగిన చోటే నేనూ ఆగాను. ఆ క్షణం నాకు బాగా తెలుసు. ఉన్నదున్నట్టు అనేయనా, ‘మురికి’ అని మార్చేయనా, ఆపి అడగనా అని మూడు ఆలోచనలు ఒకేసారి వస్తాయి. మూడోది ఎవరూ చేయరు. అంతమంది ముందు పాస్టర్ గారిని ఎవరు ఆపుతారు? నేనైతే చాలాసార్లు మార్చేసి ఊరుకున్నాను. ప్రసంగీకుడికి తెలియనే తెలియదు, బాగా చెప్పాననుకుంటూ ఇంటికి వెళ్లేవాడు. మీరు గమనించారు, గమనించానని ఒప్పుకున్నారు కూడా. అది చిన్న విషయం కాదు.

కానీ ఒక్కటి చూడండి. ఆ మాట ఎవరికి తగులుతుందో తెలిసిన మనిషి మీకు చేయిచాపు దూరంలోనే ఉంది. మీరు ఆమెని కలుసుకున్నది మాత్రం మైకు ముందే. ప్రసంగం అప్పటికే అయిపోయింది, ఇంక ఆమె చేయగలిగింది ఆగడమే. మీరు రాసిన కష్టాలన్నిటికీ వేరు ఇక్కడే ఉందని నా అనుమానం. మీరు ఒక్కరే కూర్చుని, మీ చెవులతోనే విని, ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నారు. శనివారం రాత్రి కొట్టివేతలు కూడా ఆ ఒక్క చెవితోనే. ఏది ఎవరికి తగులుతుందో తెలియనప్పుడు అన్నీ కొట్టేయడం తప్ప దారి ఉండదు. ఆ రాత్రి ఇంకెవరైనా మీ పక్కన కూర్చుని ఉంటే కొట్టేయాల్సింది ఒక్క మాటే అని తేలేది.

ఆ ‘నల్లని హృదయం’ సంగతే తీసుకుందాం. దానికి ఏ వచనం ఆధారమో మీరెప్పుడైనా వెతికారా? మనందరికీ వెంటనే గుర్తొచ్చేది యెషయా 1:18. తెరిచి చదవండి. పాపాలు రక్తంలా ఎర్రగా ఉన్నా హిమంలా తెల్లబడతాయని ఉంది. ఎరుపు! నలుపు అక్కడ లేనే లేదు. నలుపుని తెచ్చి పెట్టింది బోధకుల అలవాటు. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే ప్రసిద్ధ ప్రసంగీకుడు అక్షరాల్లేని చిన్న పుస్తకం గురించి చెప్పారు. అందులో మూడు పేజీలు: నలుపు, ఎరుపు, తెలుపు. నలుపు అంటే పాపం. ఆ తర్వాత దానికి బంగారు రంగు, ఆకుపచ్చ చేరాయి. పిల్లల కూడికల ద్వారా అది ఎన్నో దేశాలకి పాకింది. మీరూ నేనూ సండే స్కూల్లో నేర్చుకున్నది బహుశా దాని వారసత్వమే. ఎవరూ చెడు ఉద్దేశంతో చేసింది కాదు. అయితే లేఖనం అనుకుని మనం పట్టుకు వేలాడుతున్నది లేఖనం కాదని తెలిశాక వదిలేయడానికి బెంగ ఎందుకు?

బైబిల్లో నల్లని రంగు మనిషి మీద కనబడే చోట్లు వేరే ఉన్నాయి. పరమగీతములో ఆమె, ‘నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను’ అంటుంది. ఆ ‘అయినను’ దగ్గర ఉన్న హెబ్రీ పదానికి ‘మరియు’ అనే అర్థం కూడా ఉంది. ‘నల్లనిదాన్ని, అందమైనదాన్ని’ అని చదివేవాళ్లూ ఉన్నారు. అంతియొకయ సంఘంలో ప్రవక్తల, బోధకుల పేర్లు అపొస్తలుల కార్యములు 13:1లో ఐదున్నాయి. అందులో ఒకరు నీగెరనబడిన సుమెయోను. నీగెరు అంటే లాటిన్‌లో నలుపు. ఆయన పక్కనే ఆఫ్రికా తీరంలోని కురేనే నుంచి వచ్చిన లూకియ. పౌలుని మీద చేతులుంచి పంపిన గుంపు అది. ఆ విద్యార్థి కూర్చున్న మూడో వరసకి ఆ గుంపు చాలా దగ్గర, పాస్టర్ గారూ.

ఇప్పుడు ఆ అబ్బాయి విషయం. మీ ముందు రెండు దార్లున్నాయి. పుల్‌పిట్ మీద నుంచే క్షమాపణ చెప్పేయొచ్చు. అందరికీ ఒక పాఠమవుతుంది, మీ మనసూ తేలికపడుతుంది. కానీ అతను లేని చోట అతని సంగతి సంఘమంతా మాట్లాడుకుంటారు. తిరిగొస్తే ‘ఇతనేనా’ అన్న చూపులు అతనికి తప్పవు. లేదా ముందు మీరే వెళ్లి కలవొచ్చు. దీంట్లో ఇబ్బంది మీకు. అతను కోపంగా మాట్లాడొచ్చు, అసలు మాట్లాడకపోవచ్చు, వేరే సంఘానికి వెళ్తున్నాననీ చెప్పొచ్చు. నన్నడిగితే రెండోది ముందు, మొదటిది తర్వాత. వెళ్లినప్పుడు ‘నా ఉద్దేశం అది కాదు’ అనే మాటతో మొదలుపెట్టకండి. ఉద్దేశం అది కాదని అతనికీ తెలిసే ఉంటుంది, అయినా గాయపడ్డాడు. ‘ఆ మాట తప్పు, అది లేఖనంలో కూడా లేదు, ఇకపై వాడను’ అంటే చాలు. క్షమించానని అతనితో అనిపించుకోవాలని కూర్చోకండి. తర్వాత ఎప్పుడైనా యెషయా 1:18 మళ్లీ వచ్చినప్పుడు, ‘ఇంతకుముందు నేను దీన్ని తప్పుగా చెప్పాను’ అని సంఘం ముందు సరిదిద్దుకోండి. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు.

కరువు గురించి అడిగిన పెద్దావిడ దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడ. మార్క్ అలన్ పోవెల్ అని అమెరికాలో ఒక కొత్త నిబంధన పండితుడు. ఆయన తప్పిపోయిన కుమారుడి కథని కొంతమంది చేత చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నట్టు చెప్పమన్నారు. అమెరికాలో 100 మంది చెబితే కరువు మాట ఎత్తింది ఆరుగురే. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 50 మంది చెబితే 42 మంది కరువుని మర్చిపోలేదు. 1941 నుంచి 1944 దాకా సాగిన ముట్టడిలో లక్షలమంది ఆకలితో చనిపోయిన నగరం అది. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకి కరువు ఎలా మరుపొస్తుంది? తర్వాత టాంజానియాలో, ఆ అబ్బాయి ఎందుకు ఆకలితో అలమటించాడని అడిగితే, ఎక్కువమంది ఇచ్చిన జవాబు మూడోది: ‘ఎవరూ అతనికి ఏమీ పెట్టలేదు కాబట్టి.’ పరాయి దేశంలో ఆకలితో ఉన్నవాణ్ణి పట్టించుకోని ఆ ఊరిది తప్పు అన్నమాట.

లూకా 15 తెరవండి. పాడుచేయడం 13వ వచనంలో ఉంది, కరువు 14లో, ఎవడూ ఏమీ ఇవ్వకపోవడం 16లో. మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మూడు చోట్లవాళ్లు మూడు వచనాలు గట్టిగా పట్టుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మీరు 13వ వచనం దగ్గర చాలాసేపు నిలబడ్డారు, ఆవిడ 14 దగ్గర నిలబడి మీ కోసం చూసింది. ఆవిడకి అప్పుడు జవాబు చెప్పలేకపోయారని బాధపడకండి. ఇప్పుడు వెళ్లి, ‘మీకు ఆ కథ ఎలా వినబడుతుందో చెప్పండి’ అని అడగండి. మీ ఇంకో ప్రసంగం అందులో ఉంది. అందులో ఆ కొడుకు పాపం తగ్గదు. పరాయి ఊళ్లో అతనికి పిడికెడు పెట్టని మనుషుల్లో మన సంఘం ఉందా అన్న ప్రశ్న అదనంగా వస్తుంది, అంతే. మీ పెద్దలు ఈ ప్రశ్న వినడం అవసరమని నాకనిపిస్తోంది. సరే, అది నా అభిప్రాయం.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. మీ పాత ప్రసంగాల నోట్సు ఒక పది తీయండి. ‘మన’ అన్న చోటల్లా గీత గీయండి. ‘మన పెద్దలు’, ‘మన ఇళ్లలో’, ‘మన చిన్నప్పుడు’. వాటిలో ఎన్ని నిజంగా మనం, ఎన్ని ‘మేము’ అనాల్సినవి? తర్జుమాలో ఈ తేడా మాయమైపోతుంది, కాబట్టి విదేశీ చెల్లెలు మర్యాదగా తల ఊపుతుంది. కానీ ఆ ఇళ్లు తనవి కాదని ఆమెకి తెలుస్తూనే ఉంటుంది. ‘మన ఇళ్లలో’ అనే బదులు ‘నేను పెరిగిన ఇంట్లో’ అంటే ఏ చిక్కూ లేదు. మీ కథని మీ కథగానే చెప్పండి. జనం ఎదుటివాడి కథ ఇష్టంగా వింటారు, తమది కాని దాన్ని తమదన్నప్పుడే ముడుచుకుపోతారు. అందుకే ఉదాహరణలన్నీ తీసేయాలన్న మీ ఆలోచన తప్పుదారి అంటున్నాను. తీసేస్తే ఎవరూ నొచ్చుకోరు నిజమే, ఎవరూ కదలరు కూడా. మీ ఆవిడ పోయిన వారం చెప్పింది అదే.

ఆ నోట్సు తీసినప్పుడే ఇంకొకటి కూడా చూడండి. మీ కథల్లో సహాయం చేసేది ఎవరు, సహాయం పొందేది ఎవరు? ఎవరి అలవాట్లని పాపమన్నారు, ఎవరివి మెచ్చుకున్నారు? ఒకే వైపు గీతలు పడితే మీరే చూస్తారు, నేను చెప్పక్కర్లేదు. ఇన్ని రకాల జనం ఉన్నారని ఎవరినీ గద్దించకూడదని నేననడం లేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తినే బల్ల నుంచి వెనక్కి జరిగితే పౌలు అందరి ముందే నిలదీశాడు, గలతీయులకు 2లో ఉంది. అయితే ఇద్దరూ యూదులే, నిలదీసింది సొంత జనం మనిషిని. గద్దింపు ముందు మన వైపు నుంచి మొదలైతే అవతలి వైపు కూడా వింటారు.

ఇక పని ఎలా చేయాలో. గురువారమో శుక్రవారమో, మీకు వీలైన రోజు, నలుగురైదుగురిని కూర్చోబెట్టండి. ఆ తర్జుమా చెల్లెలు తప్పనిసరి. కరువు గురించి అడిగిన పెద్దావిడ, ఒక విద్యార్థి, ఒక సంఘ పెద్ద. ఆదివారం వాక్యభాగాన్ని పైకి చదవండి. తర్వాత అరగంట మీరు మాట్లాడొద్దు. ఇది పాస్టర్లకి ఎంత కష్టమో నాకు తెలుసు. ‘నా ప్రసంగం బాగుందా’ అని పొరపాటున కూడా అడగకండి. పాస్టర్‌ని సరిదిద్దడం మర్యాద కాదనుకునే సంస్కృతులు లోకంలో చాలా ఉన్నాయి, మనది కూడా. అందరూ ‘చాలా బాగుంది’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. కథ గురించి అడగండి. ఇందులో మీకు ఎవరి మీద జాలి వేసింది? ఎక్కడ కోపం వచ్చింది? మీ ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తే ఏమనేవారు? వాళ్లు చెప్పేది రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే ఒకటి రెండు మాటలు ఆదివారం వాడుకోండి. దీనికి ఖర్చు ఉంది: వారానికి ఒక సాయంత్రం పోతుంది, ‘పాస్టర్ గారికి సొంతంగా చెప్పడం రాదా’ అని ఎవరో ఒకరు అంటారు. నెహెమ్యా 8లో ధర్మశాస్త్రం తెలిసిన ఎజ్రా ఒక్కడే గ్రంథం చదివి ఊరుకోలేదని వాళ్లకి చెప్పండి. జనం మధ్యకి వెళ్లి అర్థం చెప్పినవాళ్ల పేర్లు అక్కడ వరసగా 13 ఉన్నాయి, వాళ్లు కాక మందిర సేవ చేసే లేవీయులు. బబులోను చెర నుంచి వచ్చిన ఆ జనంలో చాలామందికి హెబ్రీ అంత బాగా రాదని, ఆ వివరణలో తర్జుమా కూడా ఉండేదని కొందరు పండితుల అభిప్రాయం.

తర్జుమా గురించి నా కడుపులో ఉన్నది కాస్త చెప్పుకోనివ్వండి. తెలుగులో క్రియ వాక్యం చివర్లో వస్తుంది. ప్రసంగీకులు ఊపులో ఇలా అంటారు: ‘దేవుడు మిమ్మల్ని మీ భాషని బట్టీ, మీ పుట్టుకని బట్టీ, మీ చదువుని బట్టీ...’ అని ఆగి, మా వైపు చూస్తారు, చెప్పమని. ఏం చెప్పాలి? ప్రేమించాడా, ప్రేమించలేదా? పిలిచాడా, తోసేశాడా? ఆ సంగతి ఇంకా మీ నోట్లోనే ఉంది. మేము మైకు పట్టుకుని నవ్వు మొహం పెట్టుకుని నిలబడతాం. వాక్యం పూర్తిచేసి ఆగండి, చిన్న వాక్యాలు చెప్పండి. అలాగే ఒకే అక్షరంతో మొదలయ్యే పాయింట్లు: ప్రార్థన, ప్రయాస, ప్రతిఫలం. తెలుగులో వినడానికి బాగుంటాయి. ఇంగ్లీషులోకి వెళ్లగానే ఆ ‘ప్ర’లన్నీ రాలిపోయి, మూడు మామూలు మాటలు మిగులుతాయి. సగం జనం ‘ఆమెన్’ అంటే మిగతా సగం ‘ఇందులో ఏముంది’ అనుకుంటారు. శుక్రవారం రాత్రికి మీ కాగితం ఆ చెల్లెలి చేతిలో ఉండాలి. అందులో ‘బొగ్గులా’ అని ఉంటే ఆమె శనివారమే మీకు ఫోన్ చేసేది.

నిడివి విషయంలో మీ పెద్దలు అన్నదాన్ని పట్టించుకోకుండా వదిలేయొద్దు, అలాగని భయపడనూ వద్దు. వరసగా ఒకరి తర్వాత ఒకరు చెప్పే పద్ధతిలో సమయం రెట్టింపవడం లెక్క ప్రకారమే. మీరు 20 నిమిషాలకి రాస్తే 40 అవుతుంది. 20 నిమిషాల్లో ఒకే విషయం చెప్పగలరు, నాలుగు కాదు. దాన్ని పలుచన అనరు. అర్థంకాని భాషలో పదివేల మాటల కంటే అర్థమయ్యే ఐదు మాటలు మేలని పౌలు కొరింథువాళ్లకి రాశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టి ఏకకాలంలో తర్జుమా చేయించే పద్ధతి కూడా ఉంది. సమయం ఆదా అవుతుంది. కానీ పరికరాలకి డబ్బు కావాలి, ఒక్కరితో అయ్యే పని కాదు. వృత్తిగా చేసేవాళ్లు ఇద్దరిద్దరుగా కూర్చుని, 20–30 నిమిషాలకోసారి మారతారు. పైగా ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే రెండు క్షణాలు ఆలస్యంగా నవ్వుతారు. అది వాళ్లకే తెలుస్తుంది, కొంచెం ఒంటరిగా అనిపిస్తుంది.

ఇక విడదీయడం. ఇది పాపమని నేననను. సొంత భాషలో ప్రార్థించుకుంటేనే గుండె తడి అయ్యే పెద్దవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. విడదీస్తే గొడవ వెంటనే చల్లారుతుంది, మీకూ నిద్ర పడుతుంది. నష్టం నెమ్మదిగా వస్తుంది. తెలుగు ఆరాధనలో పెరిగే పిల్లలు రేపు ఇంగ్లీషు వైపు వెళ్లిపోతారు, పెద్దలు ఒంటరిగా మిగులుతారు. డబ్బూ నిర్ణయాలూ ఎవరి చేతిలో ఉంటాయో ఆ ఆరాధనే ‘అసలు సంఘం’ అవుతుంది. ఒకసారి విడిపోయాక కలపడం మొదట కలపడం కంటే కష్టం. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ సహాయం అందడం లేదని సణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు సంఘాన్ని రెండు చేయలేదు. ఏడుగుర్ని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపువాళ్ల చేతికే బాధ్యత వెళ్లిందని ఆ పేర్లు చూస్తే అనిపిస్తుంది. మీ సంఘ పెద్దల్లో తెలుగు కానివాళ్లు ఎంతమంది? ఉత్తరంలో రాయలేదు.

అందరికీ ఇంగ్లీషే అంటే విద్యార్థులకి హాయి. మీ తెలుగు ముసలమ్మలు మాత్రం తాము కట్టుకున్న సంఘంలో తామే అతిథులవుతారు. మీరు కూడా ఆ భాషలో ఇంత బాగా చెప్పలేకపోవచ్చు. మధ్యస్థంగా ఒకటుంది: ఆదివారం అందరూ కలిసి, ప్రసంగం చిన్నగా, తర్జుమాతో. వారం మధ్యలో భాషల వారీగా చిన్న కూడికలు, అదే వాక్యభాగం మీద. అక్కడ మీ పెద్దలకి కావలసినంత లోతుగా, ఆ ‘ప్ర’లతో సహా చెప్పండి. దీనికి మీ సమయం ఎక్కువ పోతుంది, మిగతా భాషల కూడికలు నడిపేవాళ్లని తయారుచేయాలి, మొదటి ఆరు నెలలు అస్తవ్యస్తంగా ఉంటుంది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. కానీ మోసేది మీరు, మీ ఆరోగ్యం, ఇల్లు చూసుకుని నిర్ణయించుకోండి.

మీ పెద్దల మీద కోపం వద్దు. వాళ్లు నిజంగానే ఒకటి పోగొట్టుకున్నారు. చందాలు వేసి నిలబెట్టుకున్న చోట ఇప్పుడు తమ పాట సగమే వినబడుతోంది. ‘పలుచన’ అన్న మాట కింద చాలాసార్లు ఆ బాధే ఉంటుంది. మీటింగ్‌లో వాదించే ముందు ఒకరిద్దరి ఇళ్లకి వెళ్లి, ఏం లోటనిపిస్తోందో అడిగి వినండి.

తల వంచుకుని, ఆమెన్ అనకుండా వినేవాళ్లున్నారని ఉత్తరంలో ఒక వాక్యం రాసి కొట్టేశారు, నాకు కనబడింది. వాళ్లకి విసుగని అనుకోకండి. కొన్నిచోట్ల మౌనంగా వినడమే గౌరవం, కొన్నిచోట్ల గట్టిగా బదులు పలకడం గౌరవం. అలాగని ఫలానా దేశంవాళ్లు ఫలానా రకమని పట్టికలు వేసుకోవద్దు. ఒకే ఇంట్లో అన్నదమ్ములే రెండు రకాలుగా ఉంటారు.

మీటింగ్ నెలాఖరునన్నారు. దానికి ముందే ఆ విద్యార్థిని కలవండి. ఒంటరిగా వెళ్లండి, ఆదివారం తప్ప ఏ రోజైనా సరే. అతని గదిలో స్నేహితులుంటే ఆ మాట ఎత్తకుండా కాసేపు కూర్చుని వచ్చేసి, మళ్లీ వెళ్లండి.